మా ఆవిడ కెమెరా వైపు చూడదు

మార్చి 3, ఆదివారం

చేతిరాతకు క్షమించాలి. స్టీరింగు పట్టిన చెయ్యి, పెన్ను పడితే వణుకుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి. ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

మనవరాలు కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకిచ్చింది. "తాతయ్యా, నేర్చుకున్నదల్లా ఒక పుస్తకంలో రాసుకో, లేకపోతే మర్చిపోతావు" అంది. అందుకే ఈ డైరీ. ఈ నెల ఇరవై నాలుగున మా పెళ్ళై యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు ఫోటోలు నేనే తియ్యాలట. మా ఆవిడ ఫోటో ఒకటి పెద్దది చేయించి హాల్లో పెడతారట. నన్ను ఫోటోలో నిలబెడితే గుంజలా నిలబడతానని, కెమెరా చేతికిస్తే కనీసం కదులుతానని ఆ పిల్ల ఎత్తు.

ఈ రోజు నేర్చుకున్నవి. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. సగం నొక్కి ఆగితే ఒక ఆకుపచ్చ గడి వచ్చి మనిషి మొహం మీద కూర్చుంటుంది. అప్పుడు మిగతా సగం నొక్కాలి. అన్నిటికన్నా ముఖ్యం కళ్ళు. కళ్ళు బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టే.

నిన్న మనవరాలి పుట్టినరోజుకి తీసినవి సాయంత్రం కంప్యూటర్లో వేసి చూశాం. మా అబ్బాయి తల సగానికి తెగింది. కోడలి చేతిలో పళ్ళెం ఉంది గాని కోడలు లేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఒకటి కనబడి నవ్వు ఆగిపోయింది.

మా ఆవిడ ఉన్న ఏ ఫోటోలోనూ ఆవిడ నా వైపు చూడలేదు. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. ఆవిడ మాత్రం నా చెవి పక్కనుంచి వెనక గోడకేసి చూస్తోంది. ఒకటైతే పొరపాటనుకోవచ్చు. అన్నీ అంతే.

నేను బస్సు నడిపినవాణ్ణి. టికెట్టు తీసుకోనివాడు అద్దంలో ఎటు చూస్తాడో నాకు తెలుసు. మొహం చాటేసే చూపు నాకు తెలుసు.

ఆవిడకు నా మీద కోపం వచ్చింది. ఎందుకో తెలియదు.

మార్చి 4, సోమవారం

అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మార్చి 6, బుధవారం

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే చాలా ఉన్నాయి.

ఈ మధ్య అడిగిందే అడుగుతోంది. పొద్దున "టీ పెట్టనా?" అంది. తల ఊపాను. "పెట్టనా అంటున్నా." మళ్ళీ ఊపాను. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో" అని గ్లాసు ఠక్కున పెట్టింది. మాటలు నాకు మొదటినుంచీ తక్కువే. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు ఊడదీసుకొచ్చి ఇంట్లో తగిలించుకున్నారని పెళ్ళైన కొత్తలో అందరికీ చెప్పి నవ్వేది. అప్పుడు నవ్వేది. ఇప్పుడు గ్లాసు ఠక్కున పెడుతోంది.

పోయిన ఏడాది దాకా పేపరు పైకి చదివి వినిపించేది. ఆవిడ పది దాకా చదివింది, నేను ఐదుతో ఆపాను. గొంతు పట్టేస్తోందని మానేసింది. కూరగాయలవాడితో బేరం దగ్గర గొంతు బాగానే ఉంటుంది.

డైరీ బల్లమీద ఆవిడ కళ్ళజోడు పక్కన పెడుతున్నాను. అక్కడ చోటు ఖాళీగా ఉంది, అందుకు. నా జేబులో చీటీ కూడా వదలకుండా చదివే మనిషి. చదివితే చదవనీ, నాకేం.

మార్చి 7, గురువారం

డైరీ పెట్టినచోటే ఉంది. అట్టమీద ఊరికే ఒక అగ్గిపుల్ల పెట్టాను. అదీ కదల్లేదు.

మార్చి 8, శుక్రవారం

అగ్గిపుల్ల కదల్లేదు.

మార్చి 10, ఆదివారం

నా బస్సులో కండక్టరుగా చేసినవాడు సాయంత్రం వచ్చాడు. ఇద్దరి మాటలూ వాడొక్కడే మాట్లాడతాడు, అందుకే మాకు పడుతుంది. ఫోటోలు చూపించాను.

"డ్రైవరన్నా, కేసు ముదిరింది. వదిన నిన్ను చూడ్డం మానేసి గోడని చూసుకుంటోంది. ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు."

"అదే మరి. యాభై ఏళ్ళుగా ఏం చెయ్యలేదు. అదే కోపం." లోపలికి వినపడేలా అరిచాడు. "వదినా, మీ ఆయన మీ ఫోటో తీస్తానని మూడు వారాల ముందునుంచి చెమటలు కక్కుతున్నాడు. ఒక్కసారి ఇటు చూడొచ్చుగా."

"ఆయన ఏమైనా అడిగితే కదా చూసేది" అంది లోపల్నుంచి.

వాడు వెళ్ళాక ధైర్యం చేశాను. కిటికీ పక్క వెలుతురు మెత్తగా ఉంటుందని మనవరాలు చెప్పింది. అక్కడ కూర్చోబెట్టి ఒకటి తీశాను. కెమెరా వెనక చిన్న అద్దంలో చూడమని చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"బాగానే వచ్చాను. కాస్త లావుగా ఉన్నాను, అంతే" అంది.

తీసుకుని చూశాను. అందులో ఉన్నది నా ఎడమ కాలు. చెప్పుతో సహా. చేతికిచ్చేటప్పుడు మీట తగిలి పడిన ఫోటో.

ఈ యాభై ఏళ్ళలో ఆవిడ నన్ను చాలా అంది. పడ్డాను. ఇంత మాట ఎప్పుడూ అనలేదు. పైగా నవ్వకుండా అంది.

మార్చి 11, సోమవారం

చెప్పు ఫోటో తుడిచేశాను.

అగ్గిపుల్ల అక్కడే ఉంది. పాతదైందని మార్చి కొత్తది పెట్టాను.

మార్చి 13, బుధవారం

మనవరాలికి చెప్పాను, నానమ్మ కెమెరా వైపు చూడదని. కోపం సంగతి చెప్పలేదు.

"నిలబెట్టి తీస్తే ఎవరైనా బిగుసుకుపోతారు తాతయ్యా. చూడమని అడక్కు. పనిలో ఉన్నప్పుడు తియ్యి. నువ్వున్నావని కూడా తెలియకూడదు. అది నీకు తేలికే, నువ్వున్నావని ఎలాగూ తెలియదు."

కొత్త కిటుకు ఒకటి చూపించింది. మీట నొక్కి పట్టుకుంటే వరసపెట్టి పడుతూనే ఉంటాయి. చప్పుడు రాకుండా కూడా చేసి ఇచ్చింది. తీసినవాటిలోంచి ఒక మంచిది ఏరుకోవాలట.

వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను. పొయ్యి పక్క కిటికీలోంచి పొద్దుటి వెలుగు చక్కగా వస్తుంది. ఆవిడ తన పని తాను చేసుకుంది. నా వైపు తిరగలేదు. నేను తీస్తూనే ఉన్నాను.

మార్చి 15, శుక్రవారం

కంప్యూటర్లో పెద్దవి చేసి చూసుకోవడం నాకిప్పుడు వచ్చు. వంటింటివి చూస్తున్నాను. వెలుతురు బాగా పడింది. మోచేతులు ఆనించడం వల్ల అదరలేదు. ఆవిడ చెంప మీద వెలుగు చూసి నాకే ముచ్చటేసింది.

ఆ తర్వాతది నా గ్లాసులో టీ పోస్తున్న ఫోటో. ఆవిడ చూపుడువేలు గ్లాసులోపల ఉంది. పెద్దది చేశాను. అంచు మీద కాదు, లోపలే. తర్వాతివి వరసగా చూస్తే, టీ వేలికి తగిలే దాకా పోసి, వేలు తీసి, కొంగుకు తుడుచుకుంది. ఆవిడ గ్లాసుకి అలా చెయ్యలేదు, ఆవిడది సగమే పోసుకుంది.

రోజూ నా టీలో వేలు పెడుతోందన్నమాట. ఎంత అసహ్యం పుడితే మనిషి అలా చేస్తుంది?

సాయంత్రం టీ తాగలేదు. "చల్లారిపోతోంది" అంది. తల ఊపాను.

మార్చి 16, శనివారం

ఇది ఇవాళే రాసెయ్యాలి.

మనవరాలు మంచి ఫోటో ఏరడానికి వచ్చింది. వంటింటివి వరసగా తిప్పుతోంది. త్వరత్వరగా తిప్పితే సినిమాలా కదులుతాయి. సగంలో ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"తాతయ్యా, నానమ్మ దేన్నీ చూడ్డం లేదు."

"కోపం" అన్నాను.

"కోపం కాదు. చెయ్యి చూడు."

చూశాను. ఆవిడ కళ్ళు గోడమీద ఉన్నాయి. చెయ్యి అరమీద పాకుతోంది. ఒక డబ్బా తడిమింది, వదిలేసింది. పక్కది తడిమింది. దాని మెడకు రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. అది తీసుకుంది. ఉప్పు డబ్బాకు ఒక బ్యాండు, పంచదారకు రెండు. నేను ఆ డబ్బాల ముందు రోజూ తిరుగుతాను. తర్వాత పొయ్యి అంచు వేళ్ళతో రాసుకుంటూ వెళ్ళి గిన్నె చెవి పట్టుకుంది. తర్వాత గ్లాసు. తర్వాత ఆ వేలు.

నిండిందో లేదో తెలుసుకోడానికి వేలు పెడుతోంది. కాలే టీలో.

తన గ్లాసు సగమే పోసుకుంటుంది. నా గ్లాసు నిండా పొయ్యాలి కాబట్టి.

మనవరాలు ఏడుస్తోంది. నేను మళ్ళీ మొదటినుంచి తిప్పాను.

చెప్పు ఫోటో.

మార్చి 17, ఆదివారం

అయినా నమ్మబుద్ధి కాలేదు. పొద్దున ఆవిడకు ఎదురుగా కూర్చున్నాను, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా.

"టీ పెట్టనా?" అంది.

తల ఊపలేదు. నాలుక బయటపెట్టాను. చిన్నప్పుడు కూడా ఎవరినీ అలా వెక్కిరించి ఎరగను. బయటపెట్టి అలాగే ఉంచాను.

ఆవిడ నా చెవి పక్కకు చూస్తూ, "ఊపారా, ఊపలేదా?" అంది.

నాలుక లోపలికి తీసుకోవడం కూడా మర్చిపోయాను. కాసేపటికి, "పెట్టు" అన్నాను.

చేతిలో చెంచా జారిపోయింది ఆవిడకు. "ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో" అంది.

"నా మొహం కనబడుతోందా?" అన్నాను.

వంగి చెంచా వెతుక్కుంది. నేను తీసివ్వలేదు. ఎంతసేపు వెతుకుతుందో చూస్తూ కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు ఏదోలా ఉంది. దొరికాక కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఏడాది పైనే. కుడిది ముందు. తర్వాత ఇది. మధ్యలో పొగ. ఎటు చూస్తే అటొస్తుంది."

"చెప్పలేదేం?"

"చెప్తే మనబ్బాయి నన్ను పొయ్యి ముట్టనిస్తాడా? మూల కూర్చోబెట్టి, కూర్చున్నావా అమ్మా అని రోజుకోసారి అడిగి పోతాడు."

"నాకు చెప్పొచ్చుగా."

అప్పుడు అంది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తాను. "నేను మీ మొహం చూసి కాపురం చేశాను. కనుబొమ్మ లేస్తే ఉప్పు ఎక్కువైందని. మెడ రుద్దుకుంటే డిపోలో ఎవడో ఏదో అన్నాడని. ఒక్క మాట చెప్పకపోయినా అన్నీ చదువుకునేదాన్ని. ఇప్పుడా మొహం లేదు. మాట ఎప్పుడూ లేదు. ఇంక మీరు ఇంట్లో ఉన్నారో లేరో నాకెట్లా తెలుస్తుంది? ఆ సంగతి మీతో చెప్తే మీరేమంటారు, తల ఊపుతారు."

నేను తల ఊపాను.

మార్చి 18, సోమవారం

ఆసుపత్రి. మా అబ్బాయి తీసుకెళ్ళాడు. దారంతా మా ఆవిడ వాణ్ణి తిడుతూనే ఉంది, బండి నడపడం తండ్రిని చూసి నేర్చుకోలేదని.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, మర్యాదస్తురాలు. గళ్ళ కాగితం ఒకటి పట్టుకుని, మధ్యలో చుక్క చూడండి, చుట్టూ ఎలా ఉంది అని అడిగింది.

"చుక్కేదమ్మా? మధ్యలో ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచేశారు. పక్కన గళ్ళు మాత్రం వంకరటింకరగా ఉన్నాయి" అంది మా ఆవిడ.

చూపు నడిమి భాగం పాడైందట. కుడికంటికి పోయింది ఇక రాదు. ఎడమకంటిలో ఇంకా కొంత ఉంది. కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తే అది నిలవచ్చు. నెలనెలా రావాలి. ఆలస్యం చేస్తే అదీ పోతుంది. వచ్చే సోమవారం మొదలుపెడదాం అంది.

"కంట్లో సూదా? చస్తే వద్దు" అంది మా ఆవిడ. "పక్కకి చూస్తే ఈయన మీసం కాస్త తెలుస్తోంది. నాకది చాలు."

డాక్టరమ్మ నవ్వి నాతో అంది, "సూటిగా చూస్తే వీళ్ళకి మనిషి మొహమే ఉండదండీ. కొంచెం పక్కకి చూస్తేనే మొహం కనబడుతుంది. వాళ్ళంతట వాళ్ళే అలవాటు చేసుకుంటారు."

బయట బల్లమీద కూర్చున్నాను. అబ్బాయి మందులకు వెళ్ళాడు. మనవరాలి పుట్టినరోజు ఫోటోలన్నీ కళ్ళముందు ఒక్కొక్కటే తిరిగాయి. నా చెవి పక్కనుంచి వెనక గోడ వైపు.

గోడను కాదు. నన్నే చూస్తోంది. అన్నిటిలోనూ.

మార్చి 20, బుధవారం

అబ్బాయి బతిమాలాడు. కోడలు ఏడ్చింది. కండక్టరు వచ్చి తన బావమరిదికి కంట్లో ఇంజెక్షన్ ఇస్తే చీమ కుట్టినట్టు కూడా లేదని ఒట్టేసి చెప్పాడు. వాడికి బావమరిది లేడని ఆవిడకు తెలుసు. అందరికీ వద్దనే చెప్పింది.

నేనేమీ అనలేదు.

మార్చి 21, గురువారం

పొద్దున వంటింట్లో కత్తి కనబడలేదు. అబ్బాయి అటకమీద పెట్టాడు. అగ్గిపెట్టె కూడా. మా ఆవిడ ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుంది. తిట్టలేదు కూడా. అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

స్టూలెక్కి కత్తి దించాను.

"నాన్నా, చెయ్యి తెగితే?" అన్నాడు వాడు.

"కట్టు కడతాను" అన్నాను. కత్తి దాని చోటులో పెట్టి, ఆవిడకు వినపడేలా, "కత్తి ఇక్కడుంది" అన్నాను.

రెండు మాటలూ నేనే అన్నాను. గొంతు ఎవరిదోలా ఉంది.

మార్చి 23, శనివారం

అగ్గిపుల్ల తీసేశాను.

మార్చి 24, ఆదివారం

ఈ రోజుది నీకోసం రాస్తున్నాను. ఇప్పుడు నువ్వు లోపల మనవరాలితో మాట్లాడుతున్నావు, నవ్వు వినపడుతోంది. వాళ్ళందరూ వెళ్ళాక ఇది నీకు చదివి వినిపిస్తాను. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతాను, నవ్వకు. అసలు ఈ పుస్తకం మొదటినుంచీ నీకోసమే రాశాను. నోటితో అడగలేక నీ కళ్ళజోడు పక్కన పెట్టాను. నువ్వు చదవడం లేదని కోపం తెచ్చుకున్నాను.

పొద్దున ఫోటో సంగతి. నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అందరూ నా వెనక చేరారు. "అమ్మా, కెమెరా వైపు చూడు" అని అబ్బాయి. "అటు కాదు అత్తయ్యా, ఇటు" అని కోడలు. నువ్వు మొహం ఇటు తిప్పావు, అప్పుడు నీ కళ్ళు ఎటూ కాకుండా పోయాయి. నేను కెమెరా దించాను.

"ఎవరూ చెప్పకండి. నీకు నేను ఎక్కడ కనబడతానో అటే చూడు" అన్నాను.

నువ్వు నెమ్మదిగా తల తిప్పావు. నా కుడిచెవి పక్కన ఆగావు. "ఆ, ఉన్నారు. కెమెరా అడ్డం తియ్యండి, మీసం మూస్తోంది" అన్నావు. నీ పెదవి చివర కదిలింది. నేను ఊపిరి బిగబట్టాను, మోచేతులు ఆనించాను. ఆకుపచ్చ గడి వచ్చి నీ మొహం మీద కూర్చుంది. నొక్కాను.

"ఇంకోటి తియ్యి నాన్నా, పక్కకి చూస్తోంది" అన్నాడు అబ్బాయి.

"నన్నే చూస్తోంది" అన్నాను. "ఇదే హాల్లో పెట్టండి."

హాల్లోకి వచ్చినవాళ్ళు ఆవిడ ఎటో చూస్తోందేమిటి అనుకుంటారు. అనుకోనీ.

ఇంక అసలు సంగతి. రేపు సోమవారం. అబ్బాయి పొద్దున్నే బండి తెస్తానన్నాడు. నువ్వు వద్దన్నావు. నిన్ను బలవంతం చేసే మాటలు నా దగ్గర లేవు. ఉన్నదొక్కటే చెప్తాను. నీకు మాట కావాలి, నేను నేర్చుకుంటాను. అయితే నా సంగతి నీకు తెలుసు. మీట సగం నొక్కడం రావడానికే నాకు వారం పట్టింది. మాట రావడానికి చాలా కాలం పడుతుంది. అది వచ్చే దాకా నీకు నా మొహమే ఆధారం. పక్కనుంచి కాస్త కనబడుతున్నానన్నావు. ఆ కాస్తా పోనివ్వకు.

ఆ సూది పెట్టేటప్పుడు డాక్టరమ్మ లోపలికి రానిస్తే నీ పక్కనే ఉంటాను. మాట్లాడుతూనే ఉంటాను. ఏం మాట్లాడాలో తెలియకపోతే నా రూటులో స్టాపులన్నీ వరసగా చెప్తాను, వెళ్ళేటప్పటివీ, వచ్చేటప్పటివీ.

ఇకనుంచి టీలో వేలు పెట్టకు. నిండగానే చాలని నేను చెప్తాను.

ఇది వినగానే జవాబు చెప్పు. ఆలోచిస్తానని రేపటిదాకా ఆపకు. తల ఊపితే నాకు కనబడుతుంది, కానీ ఊపొద్దు. ఈ ఇంట్లో ఊపినది చాలు. వస్తావా రావా, నోటితో త్వరగా చెప్పు.